వగరు కరిగే కాలం

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా వరంగల్‌లో కాశిబుగ్గ మీదుగా ఏనుమాముల మార్కెట్‌కు పోయేవాళ్లకు దారి చెప్పనక్కర్లేదు, ముక్కే తీసుకుపోతుంది. యార్డులో మిర్చి బస్తాలు మూతి విప్పి ఉంటాయి. ఖరీదుదారు గుప్పెడు కాయలు తీసి నలుపుతాడు. తేమ ఎంతుందో వేళ్లకు తెలిసిపోతుంది. రంగు చూస్తాడు, తాలుకాయలు ఏ మేరకు కలిశాయో చూస్తాడు, ఘాటు ముక్కుకు తగిలేసరికి మనసులో ఒక ధర అనుకుంటాడు. జెండా పాట, అంటే వేలం, మొదలయ్యేలోపే సరుకు మంచిచెడ్డలు తేలిపోతాయి. కన్ను, వేలు, ముక్కు కలిసి ఇచ్చే ఈ తీర్పు మీదే వేల క్వింటాళ్లు చేతులు మారతాయి.

ఈ పరీక్షలో పాతదనానికి విలువ లేదు. మిరపకాయ ఎరుపు క్యాప్సాంథిన్ అనే పదార్థం వల్ల వస్తుంది. వేడి, వెలుతురు, గాలి మూడూ దాన్ని కొంచెం కొంచెంగా విరిచేస్తాయి. అందుకే ధర రాని ఏడు రైతు సరుకును కోల్డ్ స్టోరేజీలో పెడతాడు. తర్వాత అది ‘ఏసీ మిర్చి’ పేరుతో బయటికొస్తుంది. చల్లదనం చేయగలిగింది రంగు పోకుండా ఆపడమే, పెంచడం దానివల్ల కాదు. రంగుకే పేరుపడి, 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ చపాటా మిర్చిదీ ఇదే కథ. కల్లు సంగతి ఇంకా తొందర. పొద్దున దించినప్పుడు తియ్యగా ఉన్న లొట్టి మధ్యాహ్నానికి నురగలు కక్కుతుంది, మర్నాటికి నోట పెట్టలేనంత పులుస్తుంది.

తిండీ తాగుడుల్లో దాదాపు అన్నింటినీ కాలం ఇలాగే తినేస్తుంది. అలాంటిది కొన్ని రెడ్ వైన్లు మాత్రం పది, ఇరవై, ఒక్కోసారి యాభై ఏళ్లు సీసాలో పడుకుని, లేచాక ఎక్కువ ధర పలుకుతాయి. వాటిని పరీక్షించేవాళ్లు గ్లాసు వంచి, వాసన చూసి, పుక్కిలించి ఏం వెతుకుతారు? కాలం ఆ సీసాలో చేసిన మేలేమిటి? జవాబు మన నాలుకకు చిన్నప్పటి నుంచీ తెలిసిన వగరులో ఉంది.

కల్లు నిలవదు, వైన్ నిలుస్తుంది

తాటిగెల నుంచి కారే రసంలో నూటికి పది పన్నెండు పాళ్లు చక్కెర ఉంటుంది. పులుపు దాదాపు ఉండదు. లొట్టి మూతి తెరిచే ఉంటుంది. గాలిలోవీ, లొట్టికి పట్టి ఉన్నవీ అయిన ఈస్టులు, రకరకాల బ్యాక్టీరియా రసం కారుతుండగానే అందులో దిగుతాయి. ఈస్టు చక్కెరను ఆల్కహాలుగా మారుస్తుంటే, పక్కనే లాక్టిక్ బ్యాక్టీరియా దాన్ని పుల్లగా చేస్తుంది. వెనకే అసిటిక్ బ్యాక్టీరియా వచ్చి ఆల్కహాలును వినిగర్ చేస్తుంది. లొట్టి లోపల సున్నం పూస్తే ఈ పని మందగించి తియ్యని నీరా దొరుకుతుంది. సున్నం లేకపోతే సూక్ష్మజీవులను నిలవరించే శక్తి ఆ రసానికి సొంతంగా లేదు.

వైన్‌ను పులియబెట్టేదీ కల్లులో పనిచేసే ఈస్టు జాతే, శాకరోమైసిస్ సెరవిసియే. తేడా అంతా ద్రాక్షలో ఉంది. ద్రాక్షకు పులుపునిచ్చేది టార్టారిక్ ఆమ్లం, చింతపండులో ఉండేదీ అదే. పాత సీసాల బిరడా అడుగున చక్కెర పలుకుల్లా మెరిసేవి ఆ ఆమ్లపు లవణం స్ఫటికాలే. ఈ పులుపు వల్ల రెడ్ వైన్ పీహెచ్ మూడున్నర దరిదాపుల్లో ఉంటుంది. అంత పులుపును చాలా సూక్ష్మజీవులు తట్టుకోలేవు. దానికి తోడు 12 నుంచి 15 శాతం ఆల్కహాలు, కొద్దిపాటి సల్ఫర్ డయాక్సైడ్, గాలి దాదాపు చొరని సీసా ఉంటాయి. బతకడానికి ఆక్సిజన్ కావాల్సిన అసిటిక్ బ్యాక్టీరియాకు అక్కడ ఊపిరాడదు.

అయితే ఇవన్నీ వైన్ చెడకుండా చూసేవే. అది బాగుపడాలంటే మరొకటి కావాలి. తెల్ల వైన్‌కు ద్రాక్షను పిండి రసం ఒక్కటే పులియబెడతారు. రెడ్ వైన్‌ను తొక్కలు, గింజలతో సహా పులియబెడతారు. ఎరుపంతా తొక్కలోంచి, వగరు తొక్క, గింజల్లోంచి దిగుతాయి. ఆ వగరు పదార్థాలే టానిన్లు. హైదరాబాద్ చుట్టుపక్కల తోటల్లో ఒకప్పుడు పేరుమోసిన అనాబ్-ఎ-షాహీ తినడానికి పెంచిన ద్రాక్ష, కాయ పెద్దది, రంగు లేతది. కాబర్నే సావిన్యాన్ వంటి వైన్ ద్రాక్ష కాయ చిన్నది, తొక్క మందం, గింజలెక్కువ. గుప్పెడు రసానికి తొక్క వాటా ఎక్కువ గనుక వగరూ ఎక్కువ దిగుతుంది.

సీసాలోకి ఏళ్ల తరబడి బిరడా గుండా లేశమాత్రంగా చేరే ఆక్సిజన్‌ను ఈ టానిన్లు తమ మీదికి తీసుకుంటాయి. లూయీ పాశ్చర్ 1866లో వైన్ మీద ప్రచురించిన పుస్తకంలోనే ఆక్సిజన్‌కు ఉన్న ఈ రెండు ముఖాలను గుర్తించాడు. ఒక్కసారిగా తగిలితే వైన్‌ను చంపుతుంది, బొట్లు బొట్లుగా అందితే పక్వానికి తెస్తుంది. కల్లుకు ఆక్సిజన్‌ను భరించే టానిన్ల అండ లేదు. అసలు దించిన కల్లులో సూక్ష్మజీవులు పని ఆపనే ఆపవు.

గ్లాసు వంచి చూస్తే

పాత రెడ్ వైన్ పరీక్ష ముందురోజే మొదలవుతుంది. అడ్డంగా పడుకోబెట్టిన సీసాను నిలబెడితే మడ్డి అడుగుకు చేరుతుంది. మర్నాడు బిరడా మెల్లగా తీసి, సీసా మెడ కింద దీపం పెట్టుకుని, తేట వైన్‌ను వేరే గాజుపాత్రలోకి వంపుతారు. మడ్డి మెడ దగ్గరికి వస్తున్నట్టు దీపం వెలుగులో కనపడగానే ఆపేస్తారు. ఈ మడ్డి కల్తీ కాదు. రంగూ వగరూ ఏళ్ల తరబడి ఒకదానితో ఒకటి ముడిపడి, బరువెక్కి కిందికి దిగితే ఏర్పడింది.

తర్వాత గ్లాసును తెల్ల కాగితం మీదికి వంచి, నడిమి రంగునూ అంచు రంగునూ పోల్చి చూస్తారు. లేత వైన్ అంచు ఊదా వైపు మొగ్గుతుంది. నేరేడు పండుకూ వంకాయ తొక్కకూ రంగునిచ్చే ఆంథోసయనిన్ల కుటుంబమే అక్కడా పనిచేస్తుంది. విడిగా ఉన్న ఆంథోసయనిన్లు కొన్నేళ్లకు మించి నిలవవు. కొన్ని విరిగిపోతాయి, తక్కినవి టానిన్లతో జతకట్టి కొత్త వర్ణకాలవుతాయి. ఈ జత రంగులు గట్టివి, కొంచెం నారింజ ఛాయవి. అందుకే వయసు పెరిగేకొద్దీ అంచు ఊదా నుంచి కెంపుకు, కెంపు నుంచి ఇటుక రంగుకు జరుగుతుంది. నడుమ కూడా గోధుమ రంగు తిరిగి మసకబారితే గాలి ఎక్కువ తగిలిందని, వైన్ తన మంచి రోజులు దాటిపోయిందని అనుమానించాలి. అంచు ఇటుకలా ఉండి నడిమి ఎరుపు ఇంకా మెరుస్తుంటే పక్వానికి వచ్చిందని అర్థం.

ముక్కు పట్టే జాడలు

గ్లాసును తిప్పకముందు ఒకసారి, తిప్పాక ఒకసారి వాసన చూస్తారు. పాత వైన్ పరిమళం సున్నితం, గాలికి ఎక్కువసేపు పెడితే ఎగిరిపోతుంది. అందుకే మొదటి శ్వాసకు అంత విలువ.

వైన్ రుచి వర్ణనలు చదివినవాళ్లకు అవి కవుల ఊహల్లా తోస్తాయి. మిరియాలు, లవంగం అంటూ రాస్తారు, ఎవరూ వేసింది లేదు. అయితే ఆ పోలికల్లో కొన్ని అక్షరాలా నిజం. షిరాజ్ ద్రాక్ష వైన్‌లో మిరియాల వాసననిచ్చేది రోటండోన్ అనే అణువు. మిరియాల్లో ఉండేదీ అదే. ఆస్ట్రేలియా పరిశోధకులు 2008లో ఈ సంగతి బయటపెట్టారు. సుమారు ఐదుగురిలో ఒకరికి ఈ వాసన అసలే తెలియదని కూడా వాళ్లు చూశారు. ఓక్ పీపాల నుంచి దిగే యూజెనాల్ లవంగంలోని ప్రధాన పరిమళమే. మెంతులకు వాటి వాసననిచ్చే సోటొలోన్ గాలి తగిలి ముదిరిన వైన్లలో తయారవుతుంది. ఫ్రాన్స్‌లోని జురా ప్రాంతపు పసుపు వైన్‌కు అది అందం. రెడ్ వైన్‌లో పైకి తేలితే మాత్రం ముదురు మరీ ఎక్కువైందని హెచ్చరిక. పోపుల పెట్టె మూత తీయగానే ఏ గింజ ఏదో చెప్పగల ముక్కుకు ఈ విద్యలో సగం వచ్చినట్టే.

తక్కిన సగం, ముక్కు పట్టినదాన్ని అందరికీ ఒకేలా అర్థమయ్యే మాటల్లో పెట్టడం. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ ప్రాంగణంలో ఆన్ నోబుల్ 1984లో వాసనల చక్రం ఒకటి తయారుచేశారు. ‘గొప్పగా ఉంది’, ‘హుందాగా ఉంది’ లాంటి మాటలను పక్కకు నెట్టి పండు, పువ్వు, మసాలా, మట్టి అంటూ పోల్చిచూడగలిగిన పేర్లనే అందులో ఉంచారు. ఆ పద్ధతిలో చెబితే, లేత రెడ్ వైన్‌లో తాజా పళ్ల వాసన ముందుంటుంది. వయసు వచ్చేకొద్దీ అది ఎండు ఖర్జూరం, కిస్‌మిస్ వైపు జరిగి, పొగాకు, తోలు, ఎండుటాకులు, తడిసిన అడవి నేల వాసనలు తోడవుతాయి. పండు పూర్తిగా మాయమై ఆకులూ మట్టే మిగిలితే ఆ సీసాను కొన్నేళ్ల ముందే తెరవాల్సింది.

తప్పులను పట్టేదీ ముక్కే. తడిసి ముక్కిన అట్టపెట్టె వాసన వస్తే అది బిరడా నుంచి దిగిన ట్రైక్లోరోఅనిసోల్. లక్ష కోట్ల భాగాల్లో కొద్ది భాగాలున్నా మనిషి ముక్కు దాన్ని పట్టేస్తుంది. గోళ్ల రంగు వాసన వస్తే ఇథైల్ ఎసిటేట్, అంటే వినిగర్ బ్యాక్టీరియా చేయి పడిందన్నమాట.

లాలాజలం మీద పరీక్ష

ఉగాది పచ్చడి తినే మనకు రుచులు ఆరు. శరీరశాస్త్రం నాలుక మీది గ్రాహకాల లెక్కన తీపి, పులుపు, ఉప్పు, చేదుల పక్కన జపాన్ శాస్త్రవేత్త కికునే ఇకెదా 1908లో గుర్తించిన ఉమామీని చేర్చి ఐదంటుంది. మన జాబితాలోని కారం, వగరు అందులో లేవు. ఆ రెంటి దారి వేరు. కారం ఒక రకమైన మంట. మిరపలోని క్యాప్సైసిన్ వేడిని పసిగట్టే నాడుల తలుపు తడుతుంది. ఆ తలుపును 1997లో కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది. వగరు ప్రధానంగా ఒక స్పర్శ. లాలాజలంలో ప్రోలిన్ ఎక్కువగా ఉండే ప్రొటీన్లు నోటికి జారుడునిస్తాయి. టానిన్లు వాటిని పట్టుకుని ముద్దకట్టిస్తాయి. జారుడు పోయి నాలుక, చెంప, చిగురు ఒరుసుకుంటాయి. నేరేడు పళ్లు తిన్నాక, పచ్చి వక్క నమిలాక నోరు బిగిసేది ఇందుకే.

కాబట్టి రెడ్ వైన్‌ను నోట్లో తిప్పేవాడు ఒక రకంగా తన లాలాజలం మీద ప్రయోగం చేస్తున్నాడు. లేత వైన్ చిగుళ్లను గట్టిగా పట్టేస్తుంది. పక్వమైన వైన్‌లో ఆ పట్టు ఉంటుంది గానీ గరుకు ఉండదు. మధ్యలో ఏం జరిగింది? టానిన్లు ఒకదానికొకటి అతుక్కుని పెద్దవై మడ్డిగా దిగిపోవడం వల్లే వగరు తగ్గుతుందని చాలాకాలం అనుకున్నారు. అది కథలో ఒక భాగమే. వైన్ పులుపు వల్ల పొడవైన టానిన్ గొలుసులు తెగుతాయి కూడా. తెగిన ముక్కలు ఆంథోసయనిన్లతోనో, ఆక్సిజన్ పుట్టించిన అసిటాల్డిహైడ్ వంతెనగానో కొత్త జతలు కడతాయి. ఆ కొత్త రూపాలు లాలాజల ప్రొటీన్లను మునుపటంత గట్టిగా పట్టవు. అంటే అంచుకు ఇటుక రంగు తెచ్చిన చర్యలు, అడుగున మడ్డి దించిన చర్యలు, నోట్లో వగరు తగ్గించిన చర్యలు దాదాపు ఒక్కటే. కన్నూ నాలుకా ఒకే మార్పుకు వేర్వేరుగా సాక్ష్యం చెబుతాయి. రెండు సాక్ష్యాలూ కలవకపోతే, అంటే రంగు ముసలిదై వగరు ఇంకా మొరటుగా ఉంటే, ఆ సీసా ఎక్కడో ఎండదెబ్బ తిన్నదని నిపుణులు శంకిస్తారు.

చివరికి తూకం చూస్తారు. పులుపు, వగరు, ఆల్కహాలు, పండు వీటిలో ఏదీ మిగతావాటిని మింగేయకూడదు. పులుపు వయసుతో పెద్దగా తగ్గదు. కాబట్టి వగరూ పండూ ముందే అయిపోయిన వైన్ ముసలితనంలో వట్టి పులుపుగా మిగులుతుంది. మింగాక రుచి ఎంతసేపు నిలిచిందో కూడా లెక్కే. నీళ్లలా వెంటనే ఖాళీ అయితే తక్కువ, చాలాసేపు మారుతూ నిలిచి ఉంటే ఎక్కువ.

ముక్కును మోసగించే కన్ను

ఇంత పద్ధతిగా చేసినా తీర్పరి మనిషే. బోర్డో విశ్వవిద్యాలయంలో వైన్ శాస్త్రం చదివే 54 మందికి తెల్ల వైన్‌ను వాసన లేని ఎర్ర రంగు కలిపి ఇచ్చారు. 2001లో ప్రచురితమైన ఆ పరిశోధనలో విద్యార్థులు ఎర్ర వైన్‌కు వాడే మాటలతోనే దాన్ని వర్ణించారు. కన్ను ముందే చెప్పేసింది, ముక్కు తలూపింది. 2008లో ఫలితాలు వెలువడిన మరో కాలిఫోర్నియా ప్రయోగంలో ఒకే వైన్‌ను పది డాలర్లదని ఒకసారి, తొంభై డాలర్లదని ఒకసారి చెప్పి తాగించారు. ధర ఎక్కువ చెప్పినప్పుడు రుచి బాగుందన్నారు. మెదడు చిత్రాల్లో ఆనందానికి సంబంధించిన ప్రాంతం కూడా నిజంగానే ఎక్కువ పనిచేసింది. అంటే వాళ్లు అబద్ధమాడలేదు, ధరను కూడా రుచి చూశారు. అదే ఏడాది రాబర్ట్ హాడ్జ్‌సన్ అనే పరిశోధకుడు కాలిఫోర్నియా రాష్ట్ర ప్రదర్శన న్యాయనిర్ణేతల ముందు ఒకే సీసాలోని వైన్‌ను మూడేసిసార్లు పెట్టించిన ఫలితాలు ప్రచురించాడు. మూడుసార్లూ దగ్గరదగ్గర మార్కులు వేసినవాళ్లు పదిమందిలో ఒకరే.

అందుకే పేరు కప్పేసి పరీక్షించడం అవసరమైంది. 1976 మే 24న ప్యారిస్‌లో స్టీవెన్ స్పరియర్ అనే వైన్ వ్యాపారి అలాంటి పరీక్ష పెడితే, ఫ్రెంచ్ న్యాయనిర్ణేతలు రెడ్ వైన్లలో కాలిఫోర్నియాకు చెందిన స్టాగ్స్ లీప్ 1973కు మొదటి స్థానమిచ్చారు. ‘లేతగా ఉన్నప్పుడు సరే, ముదిరితే ఫ్రెంచ్ వైన్లే నిలుస్తాయి’ అని అప్పట్లో చాలామంది సర్దిచెప్పుకున్నారు. ముప్పై ఏళ్ల తర్వాత, 2006 మే 24న, అవే ఎర్ర వైన్లను లండన్‌లోనూ నాపాలోనూ మళ్లీ తెరిచారు. ఈసారి మొదటి స్థానం రిడ్జ్ మాంటె బెల్లో 1971ది, అదీ కాలిఫోర్నియాదే. ముదిరే శక్తి ఊరి పేరులో లేదని, సీసాలోని రసాయనంలోనే ఉందని ఆ రోజు తేలింది.

పాతదనానికి డబ్బు వస్తుందంటే దొంగ పాతదనమూ పుడుతుంది. 1985 డిసెంబర్‌లో లండన్‌లో క్రిస్టీస్ సంస్థ 1787 నాటిదంటూ ఒక లాఫీట్ సీసాను లక్షా ఐదు వేల పౌండ్లకు వేలం వేసింది. దాని మీద చెక్కిన అక్షరాలు అమెరికా అధ్యక్షుడు థామస్ జెఫర్సన్‌వని చెప్పారు. ఆ సీసాను తెచ్చిన వ్యక్తి ద్వారానే బయటికొచ్చిన వేరే సీసాలు కొన్న బిల్ కోక్ అనే సేకర్త తర్వాత పరీక్షలు చేయించాడు. 1945 నుంచి జరిగిన అణు పేలుళ్ల వల్ల గాలిలో సీజియం-137 చేరింది, ఆ తర్వాత పండిన ద్రాక్షలో దాని జాడ ఉంటుంది. బిరడా తీయకుండానే గామా కిరణాలను కొలిచి దాన్ని పట్టవచ్చు. కోక్ సీసాలో సీజియం కనపడలేదు. అంటే వైన్ అణుయుగానికి ముందుది కావచ్చు, అంతమాత్రాన 18వ శతాబ్దపుది అయిపోదు. చివరికి గుట్టు విప్పింది గాజు మీది అక్షరాలు. వాటిని కరెంటు పరికరంతో చెక్కినట్టు నిపుణులు తేల్చారు. నాలుకకు అందని సంగతిని భౌతికశాస్త్రం కొంత, పనిముట్టు గీత కొంత చెప్పాయి.

ఓరుగల్లు ఎండలో

పాతబడితే ప్రతి వైన్ గొప్పదవుతుందనుకోవడం పొరపాటు. ప్రపంచంలో తయారయ్యే వైన్లలో అత్యధిక భాగం కొన్నేళ్లలో తాగేయడానికి చేసినవే. దాచదగినవాటికి మొదటే వగరు, పులుపు, పండు మూడూ పుష్కలంగా ఉండాలి. ఏ ఒక్కటి తక్కువైనా కాలం దాన్ని పూరించదు.

మంచి సీసాకైనా పదమూడు డిగ్రీల దరిదాపు చల్లదనం, చీకటి, బిరడా ఎండకుండా కాస్త తేమ కావాలి. రసాయన చర్యల వేగం పది డిగ్రీలకు సుమారు రెట్టింపవుతుందన్న లెక్కన, 33 డిగ్రీల గదిలో వైన్ నాలుగు రెట్లు తొందరగా ముదురుతుంది. వేసవిలో 42 డిగ్రీలు దాటే వరంగల్‌లో ఇంకా వేగం. పైగా అన్ని చర్యలూ ఒకే జోరుతో నడవవు. వేడికి రంగు, పరిమళం ముందు చెడతాయి, వగరు మెత్తబడే పని వెనకబడుతుంది. అందుకే ఐదేళ్ల వేడి ఇరవై ఏళ్ల చల్లదనానికి బదులు కాదు, ఉడికించిన పండు రుచే మిగులుతుంది. వైన్స్ షాపు అద్దాల బీరువాలో ట్యూబ్‌లైటు కింద నిలబెట్టిన రెడ్ వైన్ సీసాకు ఎంత ఎక్కువ వయసుంటే అంత అనుమానించాలి. నంది కొండల పాదాల దగ్గర 1988లో మొదలైన గ్రోవర్ వైన్ తోటలు, నాసిక్‌లో 1999లో పుట్టిన సూలా రెండూ చల్లని రాత్రులు దొరికే ఎత్తైన నేలలు వెతుక్కున్నది పంట కోసం. కొన్నవాడు ఇంటికి తెచ్చాక ఆ చల్లదనం తోడు రాదు.

ఆరోగ్యం పేరుతో రెడ్ వైన్‌ను వెనకేసుకురావడమూ ఇప్పుడు నిలవని వాదన. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే మద్య పానీయాలను క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. ద్రాక్ష తొక్కలోని మంచి పదార్థాలు కావాలంటే నల్ల ద్రాక్ష, నేరేడు చాలు. పరీక్షకులు కూడా చాలావరకు నోట్లో తిప్పి ఉమ్మేస్తారు, రోజుకు పదుల గ్లాసులు చూడాల్సిన తీర్పరికి మత్తు పనికిరాదు.

పాత రెడ్ వైన్‌కు పలికే విలువలో రెండు వాటాలున్నాయి. ఒకటి అరుదుదనానిది, అది వేలంపాటలో తేలుతుంది. రెండోది వగరు, రంగు, ఆక్సిజన్ చీకట్లో ఏళ్ల తరబడి కుదుర్చుకున్న ఒప్పందానిది, అది గ్లాసులో తేలుతుంది. పేరు కప్పేసి, ధర చెప్పకుండా చేతికిచ్చినప్పుడు కూడా అంచు ఇటుక రంగులో, నడుమ ఎర్రగా, చిగుళ్లను నొప్పించకుండా పట్టుకునే వైన్ అయితే ఆ రెండో వాటా నిజమైనది. మిగిలిందంతా సీసాకు ఇచ్చే డబ్బే.